బిందెలు తీసిన ఊపిరి

“ఊపిరి బిగబట్టలేనంట! ఎవుర్నప్పా అనేది? బంగారుపాళ్యం సుట్టుపక్కల ఏ బావిలో బిందె పడినా ఈ ఎస్తేరునే గదా పిలిసినారు!”

తిరుపతి ఆసుపత్రిలో, స్కానింగు గది బయట బల్ల మీద కూర్చుని, మాటకూ మాటకూ నడుమ ఆయాసపడుతూనే తిడుతోంది ఎస్తేరమ్మ. పక్కింటివాణ్ణి, తోడు రమ్మంటే వచ్చాను. చిన్నప్పుడు నడుముకు తాడు కట్టుకుని బావుల్లో మునిగిన మనిషి. పెళ్లయ్యాక ఇరవై రెండేళ్లు కంకర మిల్లులో దుమ్ము మింగింది. ఇప్పుడు నాలుగు మెట్లెక్కితే పిల్లికూతలు.

పోయిన వారం తీసిన స్కానులో కుడి ఊపిరితిత్తి అడుగున ఏదో మచ్చ కనిపించింది. అది గడ్డో, ఊపిరి ఆడి బొమ్మ చెదిరిందో తేలలేదు. ఈరోజూ చెదిరితే వీపులోంచి సూది గుచ్చి ముక్క తీయాలన్నారు డాక్టరు.

“వాళ్లకి కనపడకపోతే నాకు బొక్క పెడతారా?” అంది.

ఈరోజు స్కానూ అప్పటికే ఒకసారి దగ్గొచ్చి పాడైంది. మెషీను నడిపే బాలాజీ తలుపు తీశాడు. “పది లెక్కపెట్టేంత సేపే అవ్వా! నిండా పీల్చి కదలకుండా ఉండలేవా?”

“నిండా పీల్సినాను కాబట్టే దగ్గొచ్చె. బావిలో నిండా పీలిస్తే మనిషి బెండు మాదిరి తేల్తాడు. రవ్వంత ఇడిసి బిగించాల. ఈసారి నా లెక్కన పడుకుంటా, నువ్వు గమ్మునుండు.”

బాలాజీ నవ్వాడు. “కదలకుంటే సాలు. నువ్వే గురువు, అట్లే కానీ అవ్వా!”

స్కానింగు గది అద్దంలోంచి చూశాను. తల మీదికి చేతులెత్తి పడుకుని, నాలుగుసార్లు మెల్లగా గాలి పీల్చి, కాస్త వదిలి, వేలెత్తింది. మునుగుతున్నానని తాడు గుంజినట్టు. బల్ల లోపలికి జరిగింది. పది అయ్యేదాకా ఆమె పొట్ట కదల్లేదు.

బయటికొచ్చి, దగ్గు ఆగాక అడిగింది. “బొమ్మ నిలిసిందా?”

“నిలిచింది. గంటలో రిపోర్టు ఇస్తారంట. ఏముందో డాక్టరే చూడాలంట.”

“లోతు సెప్పకుండా నన్ను ఎవురూ బావిలో దింపలేదప్పా. నువ్వు బోయి ఆడ నిలబడు. గడ్డని రాసుంటే గడ్డనే సదువు. నా మొగం సూసి మాట మింగొద్దు. పో!”