తొమ్మిది, మూడు, మూడు, ఒకటి

ఇది పదహారు కయ్యల భూమి కోసం నలుగురు అన్నదమ్ములు తలపడిన మహాయుద్ధం కథ. ఇందులో ద్రోహం ఉంది, వేలిముద్ర ఉంది, ఒక ఇల్లాలి పంతం ఉంది, సంగటి ముద్దలతో చేసిన అస్త్రప్రయోగం కూడా ఉంది. మనవళ్ళు ముని మనవళ్ళకు చెప్పుకోవాల్సిన గాథ. ఇలా మొదలుపెట్టాలని పదేళ్ళుగా అనుకుంటున్నాను గానీ, నిజానికి ఆ యుద్ధం ఒక ఆదివారం పొద్దున సద్దికూటి వేళ మొదలై, అదే ఆదివారం సాయంత్రం ఆవులు ఇల్లు చేరేసరికి ముగిసింది. గాయపడింది ఒక నోటుపుస్తకం. కారకుణ్ణి నేను.

ఆ రోజుల్లో డిగ్రీలో జంతుశాస్త్రం చదివేవాడికి రెండు కష్టాలుండేవి. ఊళ్ళో ఎవరి ఎనుము (గేదెను మా వైపు అలాగే అంటారు) మేత మానేసినా వాడికే కబురొచ్చేది. కప్పను కోయడం తప్ప ఇంకేమీ రాదని చెప్పినా ఎవరూ నమ్మేవాళ్ళు కాదు. రెండోది రికార్డు పుస్తకం. ఎడమవైపు బొమ్మలు, కుడివైపు రాత, చివర సారు సంతకం. ఆ సంతకం లేనివాణ్ణి ప్రాక్టికల్ పరీక్షకు గుమ్మం ఎక్కనిచ్చేవాళ్ళు కాదు. తిరుపతిలో మాకు జన్యుశాస్త్రం చెప్పే సారును మేం బఠాణీ సారు అనేవాళ్ళం. ఎక్కడో చలిదేశంలో ఒక సన్యాసి మఠం పెరట్లో బఠాణీలు పెంచి, పొడుగు మొక్కకు పొట్టి మొక్కకు పుట్టే పిల్లల లెక్కలు కట్టాడట. ఆ సంగతి చెప్పేటప్పుడు మా సారు కళ్ళు చెమర్చేవి. రెండేసి లక్షణాలు కలిపి చూస్తే మనవళ్ళ తరంలో నాలుగు రకాలు తేలతాయనీ, పదహారింట్లో అవి తొమ్మిది, మూడు, మూడు, ఒకటిగా ఉంటాయనీ చెప్పి, "బట్టీ పట్టొద్దు. మీ ఇంటికి ముడిపెట్టుకోండి, చచ్చేదాకా గుర్తుంటుంది" అన్నారు. ఆయన చెప్పిన వాటిలో నేను తు.చ. తప్పకుండా పాటించింది అదొక్కటే.

ముడిపెట్టడానికి మా ఇల్లు దేవుడు ప్రత్యేకంగా తయారు చేసినట్టుండేది. వడమాలపేటకు రెండు మైళ్ళ లోపల మా ఊరు. తాత, అవ్వ, నలుగురు కొడుకులు, నలుగురు కోడళ్ళు, పిల్లలం, ఒకే పొయ్యి. పెద్దనాయన పొడుగు, ఉంగరాల జుట్టు. మా నాయన పొడుగే గానీ జుట్టు తిన్నగా ఉంటుంది. నడిపి చిన్నాయన పొట్టి, ఉంగరాల జుట్టు. ఆఖరి చిన్నాయన పొట్టి, జుట్టు కొత్త చీపురు. నాలుగు రకాలూ ఒకే వరసలో కూర్చుని సంగటి తింటుంటే సన్యాసికి కనబడని బఠాణీలు నాకు కనబడ్డాయి. (నేను నాయన కొడుకునే అయినా అచ్చం ఆఖరి చిన్నాయన పోలిక. ఆయన పాత చొక్కాలు ఒక్క కుట్టు విప్పకుండా నాకు సరిపోయేవి. నన్ను సైకిలు ముందర కూర్చోబెట్టుకుని బడికి తీసుకెళ్ళింది కూడా ఆయనే.)

ఇక ఆస్తి సంగతి. గట్లు వేసిన ఒక్కో మడిని మా వైపు కయ్య అంటారు. కయ్యం అనే మాట అందులోంచే పుట్టిందని నా అనుమానం. ఒప్పుకోని పండితులెవరైనా ఉంటే ఆ ఆదివారం మా ఇంటికి రావాల్సింది. మాకున్న కయ్యలు సరిగ్గా పదహారు.

శనివారం సాయంత్రం రికార్డు తీసుకుని ఇంటికొచ్చాను. సోమవారం పది గంటలకు అది సారు బల్ల మీద ఉండాలి. పేజీ తీసి పైన శీర్షిక పెట్టాను. 'అనువంశికత' అని రాయాల్సింది. ఆ మాటలో ఏ అక్షరానికి గుడి పెట్టాలో, ఏ అక్షరానికి సున్న పెట్టాలో తేలక, ఎవరికైనా అర్థమయ్యేలా 'వారసత్వం' అని రాశాను. కింద 'తాత నుంచి వచ్చేది: పదహారు భాగాలు' అని గీత కొట్టి, పెద్దనాయన 9, నాయన 3, నడిపి చిన్నాయన 3, చిన్నాయన 1 అని వరసగా వేశాను. అంత చక్కటి దస్తూరి నాకు మళ్ళీ ఎన్నడూ రాలేదు.

అదే రికార్డులో వేలిముద్రల పాఠం కూడా ఒకటుంది. బొటనవేలి గీతలు చక్రమో శంఖమో చూసి, ఇంట్లో ఎవరి ముద్ర ఎవరికి వచ్చిందో రాయాలి. హాస్టల్లో మిత్రుడి దగ్గర సిరాడబ్బా అరువు తెచ్చాను. తాత పంచలో మంచం మీద కూర్చుని ఉంటే పుస్తకం పట్టుకెళ్ళి, "తాతా, బొటనేలు" అన్నాను. ఎందుకని కూడా అడగలేదు. "ఎడమదా, కుడిదా?" అన్నాడు, అంతే. వేరే పేజీ వృథా ఎందుకని, సగం ఖాళీగా ఉన్న ఆ వారసత్వం పేజీ కిందే ముద్ర వేయించాను. కాగితం పొదుపు మంచి గుణమని నాకు చిన్నప్పుడు నేర్పినవాళ్ళ మీద ఇప్పటికీ కోపమే.

ఆదివారం పొద్దున ఆఖరి చిన్నమ్మ తిన్నె ఊడుస్తూ పుస్తకం చూసింది. చిన్నమ్మ ఎనిమిదో తరగతి. మా ఇంటి ఆడవాళ్ళలో అంతకు మించిన చదువు లేదు, ఆ రోజు మాత్రం ఎవరికీ లేకపోయినా బాగుండేది. తెరిచింది, చదివింది, ముద్ర చూసింది, మూసింది. కేకలు పెట్టలేదు. పుస్తకాన్ని బియ్యం పెట్టెలో వేసి, తాళం వేసి, చెవి నడుముకు దోపుకుంది. నేను ఊరంతా తిరిగి సద్దికూటికొచ్చేసరికి అందరూ వరసగా కూర్చుని ఉన్నారు. చిన్నమ్మ సంగటి వడ్డిస్తోంది. పెద్దనాయన పళ్ళెంలో గుమ్మడికాయంత ముద్ద. నాయనకూ నడిపి చిన్నాయనకూ మామూలు ముద్దలు. సొంత మొగుడి పళ్ళెంలో నిమ్మకాయంత.

చిన్నాయన ముద్దను చూసి, ఆమెను చూసి, "ఏమే, పిండి అయిపోయిందా?" అన్నాడు.

"పిండి ఉండాది. ఒక భాగమోళ్ళకి ఒక భాగమే పెట్టినాను. మీ నాయన రాసిచ్చిందాని కంటే నేను ఎక్కువ పెడితే బాగుండదు."

"ఏం రాసిచ్చినాడు?"

"పెద్దబావకి తొమ్మిది కయ్యలు, నడమోళ్ళకి మూడేసి, నీకొకటి. ముద్ర కూడా ఏసినాడు. రాసింది సదువుకున్న పిల్లోడు, తప్పు పోయేది లే."

రోటి దగ్గర ఊరుబిండి పచ్చడి నూరుతున్న అవ్వతో సహా అందరూ నా వైపు తిరిగారు. నా నోట్లో ముద్ద ఉంది. ఆ ఒక్క క్షణం నోట్లో ముద్ద లేకుండా ఉంటే చరిత్ర ఇంకోలా ఉండేదేమో గానీ, నేను మింగేసరికే చిన్నాయన లేచి చెయ్యి కడుక్కున్నాడు.

"సైకిలు మీద కూసోబెట్టుకుని తిప్పినాను గదరా నిన్ను," అన్నాడు. గొంతు పెంచలేదు. అందుకే నాకు భయం వేసింది. "రేపు పొద్దున్నే ఊరి పెద్దమనుషుల ముందర పెడతా ఆ పుస్తకం. ఆడ చెప్పు, ఎవరు రాయమన్నారో."

రేపు పొద్దున్నే. అంటే సారు బల్ల మీద ఉండాల్సిన నా రికార్డు మా ఊరి రచ్చబండ మీద ఉంటుంది. ఆ సంతకం లేకపోతే పరీక్ష లేదు, పరీక్ష లేకపోతే ఇంకో ఏడాది కప్పలు. ఇల్లు ముక్కలవుతుందేమోనని కూడా బాధపడ్డాను. అయితే వరసలో అది రెండో బాధ అని ఒప్పుకోవాలి.

అది కాలేజీ పాఠమని నేనెంత మొత్తుకున్నా ఎవరూ వినిపించుకోలేదు. మధ్యాహ్నానికి పొయ్యిలు నాలుగు పెట్టాలా, మూడు చాలా అనే దాకా వచ్చింది మాట. పెద్దనాయన తనకేమీ తెలియదని అవ్వ మీద ఒట్టు వేశాడు, కానీ ఆయన మొహంలో తొమ్మిది కయ్యల వెలుగు కొంచెం కనబడింది. తాత పొలం నుంచి వచ్చి అంతా విని, "నేనేసింది బొటనేలు. దేనికేసినానో పిల్లోణ్ణి అడగండి" అని మంచం మీద పడుకున్నాడు. దాంతో నాకు వేరే దారి లేకపోయింది. అవ్వ ఒలుస్తున్న అనపగింజల్లోంచి పదహారు గింజలు తీసుకుని తిన్నె మీద పరిచి, మా కుటుంబానికి జన్యుశాస్త్రం మొదలుపెట్టాను. సన్యాసి, మఠం, బఠాణీలు, పొడుగు, పొట్టి, అన్నీ చెప్పాను. జీవితంలో అంత శ్రద్ధగా వినే తరగతి నాకు మళ్ళీ దొరకలేదు (ఇప్పుడు ఆ పనే చేసి జీతం తీసుకుంటున్నాను కాబట్టి తెలిసి చెబుతున్నాను).

"సన్నాసికి పెండ్లామా, బిడ్డలా? పంపకాల సంగతి వానికేం తెలుసప్పా?" అన్నాడు తాత కళ్ళు మూసుకునే.

"పంపకాలు కాదు తాతా. నీ పొడుగు, నీ జుట్టు, నీ కొడుకుల్లో ఎవరికి ఎట్ల వచ్చిందనేది. ఉంగరాల జుట్టు నీ నుంచి పెద్దనాయనకి వచ్చింది గదా..."

"మా నాయనకి ఉంగరాల జుట్టా?" అన్నాడు నడిపి చిన్నాయన. తాత తల నున్నగా మెరుస్తోంది. అందరూ అవ్వ వైపు చూశారు, సాక్ష్యం చెప్పగలిగింది ఆమె ఒక్కతే.

"నేను కాపరానికి వచ్చేతలికే ఇట్లే ఉన్నింది," అంది అవ్వ, గింజలు ఒలుస్తూ.

శాస్త్రం అక్కడ కొంచెం తడబడింది గానీ నేను ఆగలేదు. పొడుగూ ఉంగరాలూ కలిసినవాళ్ళు పదహారు మందిలో తొమ్మిది మంది పుడతారనీ, పొట్టీ చీపురూ కలిసినవాడు ఒక్కడే పుడతాడనీ గింజలు విడదీసి చూపించాను. ఒంటరి గింజ తిన్నె చివర ఉంది. చిన్నాయన వంగి దాన్ని చాలాసేపు చూశాడు.

"అంటే ఈ ఒకటి కయ్య కాదు?"

"కాదు చిన్నాయనా. అది నువ్వే."

"పదహారు మందిలో నా మాదిరి ఒక్కడే పుడతాడా?"

"ఒక్కడే."

"పెద్దన్న మాదిరోళ్ళు తొమ్మిది మందా?" అని గింజల కుప్ప చూసి, మొదటిసారి నవ్వాడు. "మంద, అబ్బా."

ఈసారి పెద్దనాయన మొహంలో వెలుగు తగ్గింది. "మందలో ఒకణ్ణా నేను? సరిగ్గా సూడరా, మార్సి రాయి" అన్నాడు. తొమ్మిది కయ్యలు పోయినందుకు కాదు, తొమ్మిది మందిలో ఒకడైనందుకు ఆయన ఆ తర్వాత వారం రోజులు నాతో మాట్లాడలేదు. చిన్నమ్మ మాత్రం నడుము నుంచి తాళంచెవి తీస్తూ, "పదహార్లో ఒకడంట. ఆ ఒకడు వెతుక్కుంటా వచ్చి నాకే దొరికినాడు" అని లోపలికెళ్ళింది. పుస్తకం నా చేతిలో పెట్టేటప్పుడు చిన్నాయన నా నెత్తి మీద ఒకటి మొట్టి, నా జుట్టు చేత్తో చూశాడు. అదీ చీపురే.

"నువ్వూ ఒకటే కదరా. మరి నీ పేరు ఏల రాసుకోలే?"

పుస్తకం చంకలో పెట్టుకున్నాను. ఆవులు వచ్చాయి, అందరూ లేచారు. అనపగింజలు పదహారూ రాత్రి పులుసులోకి పోయాయి.

సోమవారం మొదటి బస్సుకే తిరుపతి చేరి, బియ్యప్పిండి దులిపి రికార్డు సారు బల్ల మీద పెట్టాను. సారు పేజీలు తిప్పుతూ వచ్చి వారసత్వం దగ్గర ఆగారు. ఆయన కళ్ళు చెమరుస్తాయని ఎదురుచూశాను. ఆయన ఎర్రసిరా కలం తీసి పేజీకి అడ్డంగా ఒక గీత కొట్టారు. "ఒరేయ్, మనిషి పొడుగు బఠాణీ పొడుగు కాదు. ఎన్నో జన్యువులు కలిస్తే గానీ అది తేలదు. తిండి కూడా కలవాలి. జుట్టూ అంతే. నలుగురు మనుషుల్ని చూసి పదహారు లెక్క కట్టేస్తావా?" అన్నారు. అంటే మా ఇంట్లో జరిగిన పోరు తప్పు కాగితం మీదే కాదు, తప్పు శాస్త్రం మీద కూడా జరిగింది. ముద్ర మాత్రం బాగా పడిందన్నారు. చక్రం. దానికే రెండు మార్కులు వేసి సంతకం చేశారు. ఆ తప్పు సంగతి ఇంట్లో చెప్పలేదు. చిన్నాయన పదహారు మందిలో ఒకడిగా ఊళ్ళో తిరుగుతున్నాడు, దించడం నాకు చేతకాలేదు.

నాలుగేళ్ళకు తాత పోయాడు. ఆయనకు ఫోటో లేదు. ఫోటో తీయించుకుంటే ఆయుష్షు తగ్గుతుందని తీయించుకోలేదట, చివరకు తేడా ఏమీ రాలేదు. కర్మాంతరాలయ్యాక చిన్నాయన నన్ను పక్కకు పిలిచి, "ఆ పుస్తకం ఉండాదా నీ దగ్గర?" అన్నాడు. ఇచ్చాను. పుత్తూరు తీసుకెళ్ళి ఆ పేజీకి అద్దం కట్టించి గోడకు తగిలించాడు. ఇప్పటికీ ఉంది: పైన వారసత్వం, నడుమ నా చక్కటి దస్తూరిలో అంకెలు, అడ్డంగా సారు ఎర్రగీత, కింద తాత బొటనవేలు. కొత్తవాళ్ళు వస్తే ఏదో సర్టిఫికెట్ అనుకుంటారు, చిన్నాయన కాదనడు. ఎప్పుడెళ్ళినా నేను ఆ అద్దం ముందర కాసేపు నిలబడతాను. ఎందుకని అడగకుండా బొటనవేలు చాపిన మనిషినీ, 'చిన్నాయన 1' అని రాసి తన పేరు మరిచిపోయిన ఆ చీపురు జుట్టు కుర్రాణ్ణీ చూస్తే కొంచెం నవ్వొస్తుంది. ఆ నవ్వు ఎప్పుడూ పూర్తిగా బయటికి రాదు.

కయ్యలు నిరుడు పంచుకున్నారు. తలా నాలుగు. మా బావి నీళ్ళు పారేది మొదట్నుంచీ మూడు కయ్యలకే; మిగిలిన పదమూడూ బీడు.