సారు చూడని సముద్రం

మా ఇంగ్లీషు సారు పోయిన వార్త నాకు ఫోన్లోనే వచ్చింది. విశాఖపట్నంలో నాది ఊళ్లకు ఫోన్లు కలిపే ఉద్యోగం. ఆ రోజు కొత్తగూడెం నుంచి వచ్చిన ట్రంక్ కాల్ నాకే. "అక్కా, నాయన పోయిండు. చాయ్ తాగుకుంటనే ఒరిగిండు" అన్నాడు సారు కొడుకు. చెవులకున్న హెడ్‌ఫోన్ తీసి పెట్టి, సెలవు చీటీ రాసిచ్చాను.

టేకులపల్లి అవతల అడవి ఊళ్ల పిల్లలం మేము. సారు ఇంగ్లీషు మాటకు అర్థం చెప్పి వదిలేసే మనిషి కాదు. "బట్టీ కొడితే చిలక గూడ చెప్తది. నాకు చూపియ్యి" అనేవారు. 'మిస్ట్' అన్న మాట కోసం చలికాలం దాకా ఆగి, తెల్లవారుజామున మమ్మల్ని వాగు ఒడ్డుకు తోలుకుపోయి పొగమంచు చూపించారు. ఇంకా చూపించని మాటలు నల్లబల్ల మూలన ఉండేవి. చూపించాక గానీ తుడిచేవారు కాదు.

ఒక్క మాట మాత్రం నేను పదో తరగతి దాటేదాకా ఆ మూలనే ఉంది. ఆఫింగ్. ఒడ్డున నిలబడితే, పడవలు కట్టేసే చోటుకు అవతల, కంటికి ఆనేంత దూరంలో ఉండే సముద్రం. "ఓడ ఆడ కనబడ్డదంటే ఇంక వచ్చినట్టే. అందుకే జల్దీ జరగబోయేదాన్ని 'ఇన్ ది ఆఫింగ్' అంటరు" అని చెప్పారు. ఇంకేముంది, పరీక్షలు, వాన, రాములోరి కల్యాణం, మాకు అన్నీ ఆఫింగ్‌లోనే! నేను ఊరుకుంటానా, "మీరు చూసిండ్రా సార్, సముద్రం?" అన్నాను. సారు చాక్‌పీస్ కింద పెట్టారు. "లేదు బిడ్డా. నేను గూడ చూడలే." అబద్ధం చెప్పినా మాకు తెలిసేది కాదు. చెప్పలేదు.

ఓసారి భద్రాచలం తీసుకుపోయారు. గోదావరి నిండుగా పారుతోంది. "ఇదే గద సార్ ఆఫింగ్!" అని అందరం అరిచాం.

"అవతలి ఒడ్డు కనబడుతున్నదా?"

"అవ్ సార్."

"అయితే కాదు, నడువుండ్రి" అన్నారు గానీ, తాను మాత్రం చాలాసేపు కదలలేదు.

ఉద్యోగంలో చేరిన వారమే ఉత్తరం రాశాను. సార్, రేవులో చోటు దొరక్క ఓడలు ఆఫింగ్‌లో ఆగి ఉంటాయి, రండి చూపిస్తాను అని. తర్వాత ఆయన వస్తానన్న ప్రతిసారీ నేనే ఆపాను. నాది ఇరుకు కిరాయి గది, వాన పడితే కారుతుంది. సారును ఎక్కడ పడుకోబెట్టను? క్వార్టర్ రానీయండి సార్ అంటూ రెండేళ్లు గడిపాను. "నీ గది చూసేతందుకు వస్తున్ననా బిడ్డా?" అని కార్డు రాశారు. అయినా నా సిగ్గు నాది. తప్పు నాదే, ఇంకెవరిదీ కాదు. చివరికి క్వార్టర్ వచ్చింది, రమ్మని కార్డు రాశాను. ఆ కార్డు అందిన నాలుగో రోజే ఈ ఫోన్.

వెళ్లేసరికి అంతా అయిపోయింది. సారు భార్య, మేమంతా అమ్మా అని పిలిచే ఆమె, నా చెయ్యి పట్టుకుంది. "నీ కార్డు వచ్చిన కాడి నుంచి మనిషి ఒక్కకాడ నిలువలే. ఉప్పునీళ్లకు తోలు చెప్పులు ఖరాబైతయంటని కొత్తగూడెం పోయి గివి తెచ్చుకున్నడు. రోజూ ఇంట్లనే ఏసుకొని నడిచి చూసుకునుడు."

నీలం పట్టీల రబ్బరు చెప్పులు. గడప లోపల, బయటికి తిప్పి పెట్టి ఉన్నాయి. అడుగున ఇసుక కాదు గదా, మా ఊరి మట్టి కూడా అంటలేదు. వాటిని దాటుకుని బయటికి రావడం నా వల్ల కాలేదు.