హోటల్ గుమ్మంలో అమ్మ చేతులెత్తింది

ఈ రోజు మా అమ్మకు టీ తాగిద్దామని ఇపో పట్నంలో దొరల హోటల్‌కి తీసుకెళ్ళాను. ఇంగ్లండు పద్ధతిలో కట్టిన నాలుగు పాత మేడలను, మధ్య గోడలు కొట్టి ఒకటి చేసిన హోటల్ అది. మలయాకి మెర్డెకా, అదే స్వాతంత్ర్యం, వచ్చింది కదా, ఇంకా రోడ్డు మీంచి చూసి పోవడం ఎందుకనిపించింది.

గుమ్మంలో ఇత్తడి గుండీల కోటు వేసుకున్న మలాయ్ ఆయన మమ్మల్ని చూసి ఒక అడుగు ముందుకు వేశాడు. అంతే, అమ్మ చేతిసంచి కింద పెట్టి, దాని మూతి విప్పి, రెండు చేతులూ పైకెత్తి నిలబడింది. మా రబ్బరు ఎస్టేట్ గేటు దగ్గర ఇన్నేళ్ళుగా రోజూ ఇదే వరస. అడవిలో దాక్కున్న కమ్యూనిస్టులకు బియ్యం చేరకూడదని, పోలీసులు గుర్తింపు కార్డు చూసి, ఒళ్ళంతా తడిమాకే పనికి వదులుతారు.

ఆయన కంగారుపడి, "సోదా ఏమీ లేదు, మక్చిక్" అన్నాడు మలాయ్‌లో, పిన్నీ అని పిలిచినట్టు.

"సోదా సెయ్యడా? మరి ఈడెందుకు నిల్సున్నాడ్రా?" అని అమ్మ నన్నడిగింది.

"నీకు తలుపు తియ్యడానికే."

"తలుపు తియ్యడానికో మనిసా? నాకు సేతుల్లేవేటి?"

ఆ చేతులు ఇంకా పైనే ఉన్నాయి.

నాకు నవ్వొచ్చింది. తీరా చూసుకుంటే నా చేతిలో గుర్తింపు కార్డు ఉంది. జేబులోంచి ఎప్పుడు తీశానో నాకే తెలీదు.

టీ చప్పగా ఉందని అమ్మ తీర్పు. జెండా మారిందని మన చేతులకు ఎవరు చెప్పాలో, తెలిసినవాళ్ళు కాస్త చెప్పండి.