సద్దుల నాడు మూగబోయిన డబ్బా

దమయంతిది దేవుడిచ్చిన గొంతని అశోక్‌నగర్‌లోని ఆ అపార్ట్‌మెంటులో అందరూ అంటారు. అందరికంటే గట్టిగా అనేది మూడో అంతస్తు మనోరమ. దేవుడే ఇచ్చి ఉండొచ్చు, కాదనడానికి మనమెవరం? కాని ఇచ్చిన నాటి నుంచీ దాన్ని దమయంతి తప్ప ఊళ్ళోవాళ్ళంతా వాడుకుంటున్నారు.

పొద్దున నారాయణగూడలో ఒక ప్రైవేటు బడి. ఆమె అక్కడ రెండో తరగతి టీచరు. గది కిటికీలు సరిగ్గా మెయిన్ రోడ్డు మీదికి తెరుచుకుంటాయి. బస్సుల హారన్లను మించి ఎక్కాలు చెప్పిస్తే తప్ప పిల్లల చెవిన పడవు. సాయంత్రం ఇంటికొస్తే అత్తగారు నర్సింహమ్మ. ఆమెకు చెవుడు. మిషన్ కొనిస్తే "చెవుల పురుగు పోయినట్టుంటది" అని అల్మారాలో దాచింది. "చాయ్ తాగుతరా అత్తమ్మా" అన్న మాట కూడా వీధి చివర కిరాణా కొట్టుదాకా వినపడేలా అడగాలి. ఇక భర్త కరుణాకర్‌తో మాట్లాడే వేళకు ఆమె గొంతులో మిగిలేది జీరే.

ఇవన్నీ ఒక ఎత్తు, బతుకమ్మ ఒక ఎత్తు. పుట్టింట్లో, అడిక్‌మెట్‌లో, తల్లి మాసమ్మ దగ్గర దమయంతి పాటలన్నీ నేర్చుకుంది. చిక్కడపల్లికి కోడలిగా వచ్చిన ఏడాది, పాడుతున్న పెద్దావిడ చరణం మరిచిపోతే పక్కనుంచి అందించింది. పాపం, సాయం చేద్దామనుకుంది. ఆ మరుసటి ఏడు నుంచి పాట మొత్తం ఆమె నెత్తిన పడింది. చిక్కడపల్లి ఇల్లు వదిలి అశోక్‌నగర్ ఫ్లాట్‌కు వచ్చినా పాట వదల్లేదు. పాట ఎత్తుకోవడానికి ఒకరుంటే తక్కినవాళ్ళు ఎందుకు నేర్చుకుంటారు? చప్పట్లు కొట్టి "ఉయ్యాలో" అంటే వాళ్ళ పని అయిపోయినట్టే. ఉయ్యాలోకూ ఉయ్యాలోకూ మధ్య ఉన్నదంతా దమయంతిదే.

కిందటేడు విద్యానగర్ డాక్టరు ఆమె గొంతులోకి లైటు వేసి చూసి, "అమ్మా, దీనికి జర రెస్టియ్యాలె. లేకపోతె ఒకనాడు అదే తీసుకుంటది" అన్నాడు. బడి మానలేదు. అత్తగారిని మార్చలేదు. అందుకని దమయంతి తనకు చేతనైన ఒక్క పని చేసింది. హోమ్ థియేటర్ కొనిపించింది. ఇంత పొడుగు డబ్బా, దానికి తోడు ఒక బండ స్పీకరు. సినిమాలకని భర్తకు చెప్పింది. కరుణాకర్ మురిసిపోయి నెల రోజులు చుట్టపక్కాలందరికీ దాని మోత వినిపించాడు.

అసలు సంగతి ఆ ఏటి బతుకమ్మ నాడు బయటపడింది. డబ్బాను కిందికి దింపించి, ఫోన్‌లోంచి పాటలు పెట్టి, దమయంతి చీర కొంగు దోపుకొని అందరితో పాటు గుండ్రంగా తిరిగింది. ఎవరో పాడుతుంటే తను ఉయ్యాలో అనడం ఆమెకు అదే మొదటిసారి. వంగింది, చప్పట్లు కొట్టింది, పక్కావిడతో చీరల ముచ్చట కూడా పెట్టింది. ఆ రాత్రి మందు బిళ్ళ లేకుండా నిద్రపోయింది. బతుకమ్మ అంటే ఇంత హాయిగా ఉంటుందా అని ఆమెకు ఆ వయసులో తెలిసింది.

ఈ ఏడు పితృపక్షాల్లో ఫోన్‌కు ఒక మెసేజ్ వచ్చింది. డబ్బాకు కొత్త అప్‌డేట్ ఉంది, ఇప్పుడే వేసుకోమని. పక్షాల్లో కొత్త చీర కట్టరు, కొత్త సామాను ఇంట్లోకి తేరు, అలాంటిది డబ్బాకు మాత్రం కొత్తది ఎలా వేస్తారు? దమయంతి "తర్వాత" అని నొక్కింది. బతుకమ్మ మొదలయ్యే ఎంగిలిపూల నాటి నుంచి డబ్బా రోజూ చక్కగా పాడింది. ఆఖరి రోజు, సద్దుల బతుకమ్మ నాడు పొద్దున్నే మెసేజ్ మళ్ళీ వచ్చింది. తలంటుకొని, దీపం పెట్టి, పసుపు ముద్దతో గౌరమ్మను చేసి ఉంది. ఇంతకంటే మంచి రోజు ఏముంటుంది? దండం పెట్టుకొని మరీ "సరే" నొక్కింది.

డబ్బా కాసేపు గుర్రుమన్నది. తర్వాత ఎర్ర లైటు ఒకటి ఆరుతూ వెలుగుతూ ఉండిపోయింది. తీసి పెట్టినా అంతే, ప్లగ్గు మార్చినా అంతే.

"మంచిగ పాడుతుంటే నిన్నెవరు నొక్కుమన్నరే?" అన్నాడు కరుణాకర్.

"పక్షాలల్ల వద్దని ఆపిన గద. ఇయ్యాల మంచిరోజని నొక్కిన."

అతను కంపెనీకి ఫోన్ చేసి, వాళ్ళు ఫోన్‌లో వినిపించే పాట విని విని, చివరకు ఎవరో దొరికితే మాట్లాడి వచ్చాడు. "మనదొక్కటే గాదంట. ఆ అప్‌డేటే ఖరాబుదంట, నొక్కినోళ్ళందరియి గిట్లనే బందయినయంట. పండుగైనంక సరిజేస్తరంట."

"పండుగైనంక నాకెందుకండి?" అంది దమయంతి. ఆమె కళ్ళల్లో నీళ్ళు చూసి, ఒక డబ్బా చెడితే ఇంత బాధేమిటని కరుణాకర్‌కు అర్థం కాలేదు.

సాయంత్రం తంగేడు, గునుగు, బంతిపూల బతుకమ్మలన్నీ కింద ముగ్గు మీద చేరాయి. పక్క హాస్టల్లో పోటీ పరీక్షలకు చదువుకునే ఆడపిల్లలు కూడా పుస్తకాలు మూసి వచ్చారు. ఎవరో ఫోన్‌ను స్టీలు బకెట్లో పెట్టి పాడించారు. వెనక వీధి డీజే మోతలో అది ఎవరికీ వినపడలేదు. మనోరమ కొడుకు చేతిలో పట్టేంత స్పీకరు తెచ్చాడు. అందులో ఛార్జింగ్ ఒక్క పాటకే సరిపోయింది. ఆ తర్వాత తలలన్నీ ఒక్కసారే దమయంతి వైపు తిరిగాయి.

"డబ్బా పోతె పోనియ్యి. మన దమయంతి లేదా? ఎత్తుకోవే" అంది మనోరమ.

"వద్దక్కా, నా గొంతు మంచిగ లేదు. డాక్టరు వద్దన్నడు."

"గిదేమన్న కచేరీనా? శాస్త్రానికి ఒక్కటి పాడు, చాలు."

శాస్త్రానికి ఒక్కటి అన్నది ఎక్కడ ఆగింది గనక! ఒకటి ఎత్తుకుంటే రెండోది అడిగారు. హాస్టలు పిల్లలు ఫోన్లు పట్టుకొని వీడియోలు తీశారు. "అక్కా, మా ఊళ్ళె ఆడినట్టే ఉన్నది" అని ఒక పిల్ల కళ్ళు తుడుచుకుంది. అంత మాటన్నాక ఆపడం ఎలా? దమయంతి పాడింది. డీజే మోతను మించి పాడింది. గొంతులో ఇసుక పోసినట్టుంటే మింగి పాడింది. చుట్టూ అందరి ముఖాలూ వెలిగిపోతున్నాయి. ఇంతమందిలో ఒక్కరికీ నా నొప్పి కనపడదా అని ఆమెకు కోపం వచ్చింది. కోపంలో చరణం తప్పు పాడింది. తప్పని ఎవరికీ తెలియలేదు. ఆ తప్పుకు కూడా ఉయ్యాలో అన్నారు. బతుకమ్మలను నీళ్ళలో వదిలి సద్దులు పంచుకునే వేళకు, సత్తుపిండి ఇంకొంచెం పెట్టమని అడగబోతే మాట బయటికి రాలేదు.

మర్నాడూ రాలేదు. దసరా నాటికీ రాలేదు. నర్సింహమ్మ మాత్రం "ఇయ్యాల కోడలు నెమ్మదిగ మాట్లాడుతున్నది" అని సంతోషించింది.

దసరా సాయంత్రం కంపెనీ క్షమించమంటూ ఇంకో అప్‌డేట్ పంపింది. కరుణాకర్ నొక్కాడు. ఎర్ర లైటు పోయి తెల్ల లైటు వచ్చింది. దమయంతి డబ్బా మీద దుమ్ము కొంగుతో తుడుస్తుండగా మనోరమ దసరాకు బంగారమని పంచే జమ్మి ఆకు పట్టుకొని వచ్చింది.

"ఇగో బంగారం" అని చేతిలో పెట్టి, కూర్చోకుండానే చెప్పింది. "అందరం అనుకున్నం దమయంతీ. ఇగ డబ్బా గిబ్బా ఏం వద్దు. వచ్చే యేడు నుంచి తొమ్మిది దినాలు నువ్వే పాడాలె. హాస్టలు పిల్లలు గూడ నేర్చుకుంటమన్నరు, ముందుగాల నువ్వు పాడితె ఇంటమన్నరు. సరేనా?"

వద్దనాలని దమయంతి నోరు తెరిచింది. గాలి వచ్చింది, మాట రాలేదు. చెయ్యి అడ్డంగా ఊపబోయింది. ఆ చేతిలో జమ్మి ఉంది, పండుగ పూట దానితో కాదనకూడదని ఆగిపోయింది.

"నువ్వు కాదనవని నాకెరుకనే" అంది మనోరమ.

దమయంతి చటుక్కున ఫోన్ తీసి పాట నొక్కింది. డబ్బా ఒక్కసారిగా గొంతెత్తింది. కిటికీ అద్దాలు అదిరాయి. పాడటానికి డబ్బా ఉందిగా అని తన బదులు అదైనా చెబుతుందనుకుంది. మనోరమ తల ఓ పక్కకు వంచి ఒక చరణం శ్రద్ధగా విన్నది.

"ఏమన్న గాని, నీ అంత మంచిగ లేదు" అని భుజం తట్టి, పైకి వెళ్ళిపోయింది.

డబ్బా పాడుతూనే ఉంది. దమయంతి దాని ఎదురుగా నేల మీద కూర్చుంది. ఎవరో, ఎక్కడో, ఎన్నడో పాడి పెట్టిన పాట. తను ఎత్తుకోనక్కర్లేదు. ఆమెకు ఏడుపొచ్చింది. ఆ ఏడుపుకు కూడా గొంతు లేదు.