బుష్ మీద వేసిన నింద

మట్టెవాడ సేటుకు కార్లంటే పిచ్చి అని ఊరంతా అనుకునేది. ఊరికేం తెలుసు. ఆయనకున్న పిచ్చి ఒక్కటే, పెట్రోలు మిగిలించే పిచ్చి. అది కనిపెట్టడానికి నాకు ఎనిమిది నెలలు పట్టింది. ఆ ఎనిమిది నెలల్లో ఏ తప్పూ లేని ఒక ముసలాయన పేరును నా నోటితో నేనే పాడుచేశాను. రాయాలనుకున్నది ఆయన గురించే. కాని సేటును నాలుగు మాటలు అనకుండా ఈ సంగతి చెప్పడం నా వల్ల కాదు.

ఎనభైల మొదటి సంవత్సరాలు. లారీ అడ్డా పక్కన నాకొక రేకుల షెడ్డు ఉండేది. జాగా సేటుదే. వరంగల్ మట్టెవాడలో ఆయనకు తాతల నాటి నూనె వ్యాపారం. నేను తొర్రూరు వైపు పల్లె నుంచి వచ్చినవాణ్ణి. బావుల మీద నీళ్ళు తోడే ఆయిలింజన్లు విప్పి, బిగించి పని నేర్చుకున్నాను. తర్వాత ఐటీఐ చదివాను. ఆ సర్టిఫికెట్టుకు ఫ్రేము కట్టించి గ్రీజు డబ్బాల పైన వేలాడదీశాను. చదువు రాని మేస్త్రీలంటే నాకు చులకన. చదువుకున్న ఇంజనీర్లంటే ఇంకా చులకన. ఆ రెండు మందల మధ్య మిగిలేది నేనొక్కణ్ణే కాబట్టి నన్ను నేను చాలా గొప్పగా చూసుకునేవాణ్ణి.

సేటు ఆ కారును ఢిల్లీలో, దేశం వదిలి పోతున్న ఎవరో తెల్లదొర దగ్గర కొన్నాడు. రెండే తలుపులు. వెనక టాపు ఏటవాలుగా జారి ఉంటుంది. వెనక సీట్లో కూర్చున్నవాడు మెడ వంచుకునే ప్రయాణం చేయాలి. భూమికి జానెడు ఎత్తు. పత్తి బండ్ల వెనక హారను కొట్టుకుంటూ పాకే ఊళ్ళో స్పోర్ట్స్ కారు! మింగ మెతుకు లేదు, మీసాలకు సంపెంగ నూనె అంటారు. సేటుకు మెతుకులకు లోటు లేదు గాని, మా రోడ్లకు ఆ సామెత అతికినట్టు సరిపోతుంది.

హైదరాబాదులో ఉండే ఆయన బావ, అంటే అక్క మొగుడు, ఒకసారి జనగామ దగ్గర తన పెద్ద కారులో దీన్ని దాటిపోతూ కిటికీలోంచి చేయి ఊపాడట. ఊపిన ఆ చేయి సేటుకు అన్నం సయించనివ్వలేదు. ఏదో ఇంగ్లీషు పత్రిక చుట్టచుట్టి చంకలో పెట్టుకుని షెడ్డుకు వచ్చాడు.

"మిస్త్రీ, గిది జూడు. టర్బో అంటరు. గిది వెడితె ఇంజన్ బలం డబలైతదట. మన బండికి వెట్టాలె."

"ఈ బండికి కంపెనోళ్ళే పెట్టలేదు సేటూ."

"కంపెనోళ్ళు వెడితె నువ్వెందుకయ్యా?"

నాతో ఆయన అన్న తెలివైన మాట అదొక్కటే.

టర్బో బ్రహ్మవిద్యేమీ కాదు. ఇంజను వదిలే పొగ ఊరికే గాల్లో కలిసిపోకుండా ఒక చిన్న చక్రాన్ని తిప్పుతుంది. అదే ఇరుసుకు రెండో చివర ఇంకో చక్రం ఉంటుంది. అది గాలిని పీల్చి బలవంతంగా ఇంజనులోకి తోస్తుంది. గాలి ఎక్కువైతే పెట్రోలూ ఎక్కువ మండుతుంది, బలం పెరుగుతుంది. కష్టమంతా ఆ ఇరుసుతోనే. అది కంటికి ఆననంత వేగంగా తిరుగుతుంది. దాన్ని మోసేది బుష్, అంటే ఉంగరంలాంటి గన్‌మెటల్ ముక్క. ఇరుసుకూ బుష్‌కూ నడుమ ఇంజను నుంచి వచ్చే నూనె పొర ఎప్పుడూ ఉండాలి. ఆ పొర తప్పితే బుష్ పని అయిపోయినట్టే.

బొగ్గుగనుల వైపు జరిగిన పాత సామాన్ల వేలంలో, ఒక చిన్న జనరేటరు మీది టర్బో దొరికింది. లోపలి బుష్ అరిగి పిప్పి అయింది. కొత్తది చేయగల చేయి వరంగల్లో ఒక్కటే ఉండేది. కాశిబుగ్గలో మగ్గాల చప్పుడు మధ్య ఇనుము చెక్కే ఒక పాత లేత్ మిషను పెట్టుకున్న ముసలాయనది ఆ చేయి. నేతవాళ్ళకు మగ్గం సామాన్లు, లారీవాళ్ళకు బుష్‌లు, పిన్నులు చేసి ఇచ్చేవాడు. అందరూ ఆయన్ను కాకా అనేవారు, నేనూ అలాగే పిలిచేవాణ్ణి. ఆయన దగ్గర కొలతల పరికరం ఉండేది గాని, ఎవరైనా అడిగితేనే బయటికి తీసేవాడు. ముందు తన నెత్తి మీది వెంట్రుక ఒకటి పీకి, ఇరుసుకూ బుష్‌కూ మధ్య పెట్టి లాగి చూసేవాడు. నేను నవ్వాను. తర్వాత నా పరికరంతో కొలిస్తే నవ్వడానికి ఏమీ మిగల్లేదు.

అమర్చడానికి రెండు నెలలు పట్టింది. కొత్త ఒత్తిడికి ఇంజను పగలకుండా హెడ్డు కింద ఒక గాస్కెట్టు బదులు రెండు వేశాను. పొగ గొట్టం మూడుసార్లు వెల్డింగు చేస్తే మూడుసార్లూ పగిలింది. నాలుగోసారి మందపాటి నీళ్ళ పైపు కోసి చేశాను, నిలబడింది. పాత ఫ్రిజ్‌లోని రాగి గొట్టంతో నూనె లైను వేశాను. మధ్యలో ఒక కాలేజీ లెక్చరరు వచ్చి, నా షెడ్డు గోడ మీద సుద్దముక్కతో లెక్కలు వేసి, ఇది జరగదని తేల్చి, చాయ్ తాగి వెళ్ళాడు. ఆ లెక్కలు చెరపకుండా వాటి కిందే ఇంజను స్టార్టు చేశాను.

మొదటిసారి కారును ములుగు రోడ్డు మీద తొక్కినప్పుడు బానెట్ కింద నుంచి సన్నని ఈల లేచింది. వెంటనే ఎవరో వెనక నుంచి తోసినట్టు కారు ముందుకు ఉరికింది. పక్కన కూర్చున్న కాకా డాష్‌బోర్డు గట్టిగా పట్టుకుని, "ఓరి నీ పాసుగాల" అని ముద్దుగా తిట్టాడు. నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అంత సంతోషం నా పెళ్ళిలో కూడా కలగలేదు. నాలుగు వారాలు నేనే నడిపి చూసి, ఏ లోటూ లేదని తేల్చుకుని కారు సేటుకు అప్పగించాను.

మూడు వారాలకు కారు నీలం పొగ కక్కుకుంటూ తిరిగి వచ్చింది. విప్పితే బుష్ పోయింది. కాకా ఇంకోటి చేసి ఇచ్చాడు. నా దగ్గర ఉన్నన్ని రోజులు బాగానే ఉంది. సేటు దగ్గరికి వెళ్ళిన నెలలోపే మళ్ళీ పోయింది. ఈసారి సేటు అడ్డా మీద నలుగురూ వినేలా, "నీకు చేతనైతదనుకున్న మిస్త్రీ" అన్నాడు. నాకు తల కొట్టేసినట్టయింది. కాకాకు కబురు పంపాను. ఆయన సైకిలు మీద వచ్చేసరికి చాయ్ హోటలు ముందు లారీ డ్రైవర్లు పది మంది దాకా ఉన్నారు.

కాకా పాడైన బుష్‌ను అరచేతిలో పెట్టుకుని ఎండకు తిప్పి చూశాడు.

"బిడ్డా, ఇది అరగలే, కాలింది. అరిగితె మెరుస్తది. ఇది నల్లగైంది జూడు. నూనె ఆగితెనే గిట్లయితది."

"నేను వేసిన లైను కాకా. అది ఆగదు."

"ఇంకోటి చెప్త ఇను. బండి నీ చేతుల ఉన్నన్ని దినాలు మంచిగుంటాంది. సేటు చేతుల వడంగనే కాలుతాంది. నడిపేది ఎవలో బుష్‌కు తెలుస్తదా?"

డ్రైవర్లు నవ్వారు. నా మీదే నవ్వారనుకున్నాను. ఆయన చేతిలో పెట్టిన జవాబును చూడకుండా నవ్విన మొహాలు చూశాను.

"చేతకాకుంటె కాదని చెప్పాలె కాకా," అన్నాను గట్టిగా. "లారీ బుష్‌లు చేసుకునే చేతికి టర్బో ఎట్ల వస్తది? వెంట్రుకలు వెట్టి కొలిస్తె గిట్లనే ఉంటది. నా పేరు ఖరాబైతాంది."

ఆయన ఆ కాలిన బుష్‌ను నా బల్ల మీద పెట్టి సైకిలెక్కి వెళ్ళిపోయాడు. ఆడలేక మద్దెల ఓడు అన్నవాళ్ళను చూసి జీవితమంతా నవ్విన నేను, ఆ రోజు అదే మాట అన్నానని నాకు తట్టనైనా లేదు. అడ్డా మీద మాట ఎంత దూరం పోతుందో లారీవాళ్ళతో పనిచేసే ఎవరికైనా తెలుసు. రెండు నెలలు తిరిగేసరికి కాశిబుగ్గ లేత్ దగ్గర లారీలు ఆగడం మానేశాయి. కాకాకు చూపు తగ్గిందట, ఆయన బుష్‌లు కాలుతున్నాయట. ఆయనకు మిగిలింది మగ్గాల పని ఒక్కటే.

నేను హైదరాబాదు వెళ్ళి, గాజు తలుపులున్న ఒక పెద్ద వర్క్‌షాపులో బుష్ చేయించాను. దాన్ని పట్టు గుడ్డలాంటి గుడ్డలో చుట్టి ఇచ్చారు. అది సేటు చేతిలో రెండు వారాలు కూడా బతకలేదు. అదీ నల్లగానే కాలింది.

అప్పుడు భయం వేసింది. మర్నాడు ఉదయం సేటు పక్క సీట్లో కూర్చుని, మీరు రోజూ ఎలా నడుపుతారో అలాగే నడపండి అన్నాను. కాజీపేట దాటాం. ఎత్తు వచ్చింది. సేటు కాలు అదిమి తొక్కాడు, ఈల లేచింది, కారు ఎగబాకింది. నా ఛాతీ ఉబ్బింది. ఎత్తు మీదికి రాగానే ఆయన గేరు న్యూట్రల్‌లోకి తోసి, తాళంచెవిని సగం వెనక్కి తిప్పాడు. ఇంజను ఆగింది. కారు చప్పుడు లేకుండా దిగువకు దొర్లుతోంది. బానెట్ కింద టర్బో మాత్రం ఇంకా తిరుగుతూ, నూనె లేకుండా, సన్నగా ఏడుస్తోంది.

"ఏం జేసిన్రు సేటూ?"

"దిగుడుకు ఇంజన్ ఎందుకయ్యా? ఉత్తగనే పెట్రోల్ తాగుతది. మా బాపు ఉన్నప్పటి సంది మా ఇంట్ల బండి దిగుడు రాంగనే బంద్."

మడికొండ చేరేలోగా ఇంకో రెండుసార్లు అదే పని చేశాడు. ఏనుగును ఇచ్చి అంకుశం దగ్గర పేచీ పెట్టే మనుషుల గురించి విన్నాను గాని, వాళ్ళ పక్కన కూర్చుని ప్రయాణం చేయడం అదే మొదలు. బావను దాటడానికి టర్బో కావాలి. దాటాక ఆ బలానికి ఒక్క చుక్క ఎక్కువ ఖర్చు కాకూడదు. ఎర్రగా కాగిన ఇరుసుకు నూనె ఆపేసి, ప్రతి ఎత్తు దగ్గరా దాని గొంతు పిసికాడు. నవ్వాలో ఏడవాలో తెలియలేదు. చివరికి కాకా మాట గుర్తొచ్చి రెండూ రాలేదు.

సంగతంతా సేటుకు చెప్పాను. ఎత్తు తొక్కాక ఇంజను ఆపకూడదని, ఇంటికి చేరాక కూడా కాసేపు ఉత్తగా తిరగనిచ్చి ఆపాలని చెప్పాను. ఆయన మొహం మాడ్చుకుని ఒప్పుకున్నాడు. ఆ తర్వాత గొంతు తగ్గించాడు.

"ఒక్క మాట మిస్త్రీ. నేను దిగుడుకు బంద్ జేస్తనని ఎవలకు చెప్పకు. బావకు తెలిస్తె నవ్వి సస్తడు. నీ షెడ్డు జాగ గురించి నువ్వు ఫికర్ జెయ్యకు."

అప్పటిదాకా జాగా గురించి నాకే ఫికరూ లేదు. ఆ మాటతో మొదలైంది.

మధ్యాహ్నం కాశిబుగ్గ వెళ్ళాను. కాకా మగ్గానికి ఏదో పిన్ను చేస్తున్నాడు. లేత్ ఆపకుండానే నేను చెప్పిందంతా విన్నాడు. చివర్లో తప్పు నాదే కాకా అన్నాను. అప్పుడు మిషను ఆపాడు.

"అడ్డ మీద అన్నవ్. ఇంటికొచ్చి చెప్తాన్నవ్."

నా చేయి జేబు మీదికి పోవడం ఆయన చూశాడు.

"జేబుల ఏమున్నది?"

జేబులో కాలిన బుష్, కొత్త గన్‌మెటల్ ముక్క ఉన్నాయి. క్షమాపణకు వచ్చినవాడు సామాను తెచ్చుకుని వచ్చాడు. ఆయన చేయి చాపాడు, ఇచ్చాను. సాయంత్రం దాకా కూర్చుని చేశాడు. నెరిసిన వెంట్రుక ఒకటి పీకి, పెట్టి, లాగి చూసి, బుష్ నా చేతిలో పెట్టాడు.

"ఎల్లుండి పొద్దుగాల అడ్డ మీదికి వస్త. గిదే మాట నలుగురి ముంగట చెప్పు. నాకింకేం వద్దు."

వచ్చాడు. ఉతికిన చొక్కా వేసుకుని వచ్చి, హోటలు బెంచీ మీద చాయ్ గ్లాసు పట్టుకుని కూర్చున్నాడు. నేను బుష్ బిగించి, ఇంజను స్టార్టు చేసి తొక్కాను. ఈల లేచింది, డ్రైవర్లు మూగారు. నేను దిగగానే సేటు కారులో ఎక్కి కూర్చుని, కిటికీలోంచి నన్నే చూస్తున్నాడు. ఒక డ్రైవరు అడిగాడు.

"ఈసారి నిలవడేటట్టున్నది గదనే. ఎవలు జేసిన్రు బుష్?"

కాకా చేశాడంటే, మరి ఆయన బుష్‌లే కాలాయన్నావు కదా అంటారు. అవి ఎందుకు కాలాయో చెప్పాలి. సేటు కిటికీలోంచి చూస్తూనే ఉన్నాడు. నా షెడ్డు రేకులు నాకు కనిపిస్తూనే ఉన్నాయి.

"హైదరాబాద్‌ల జేపిచ్చిన," అన్నాను.

కాకా గ్లాసు బెంచీ మీద పెట్టాడు. లేచి నా దగ్గరికి వచ్చాడు. తిడతాడనుకున్నాను. తిడితే బాగుండునని ఇప్పటికీ అనిపిస్తుంది.

"బంద్ జేసే ముంగట జరసేపు తిరగనియ్యిమను బిడ్డా," అని నాకు మాత్రమే వినిపించేలా చెప్పి, సైకిలెక్కి వెళ్ళాడు.

బావను దాటాలన్న సేటు పందెం ఎప్పుడూ జరగలేదు. ఆ బావ అప్పటికే కారమ్మి జీపు కొన్నాడు. సేటును నేను ఈ రోజుకూ తిడుతూనే ఉన్నాను. ఆయన చేసింది పిసినారి పని, నేను చేసిన దానికి ఆ చిన్న పేరు సరిపోదు. ఆ కారు అమ్మేదాకా ఆ బుష్ కాలలేదు, అరగలేదు. అడ్డా మీద లారీవాళ్ళు హైదరాబాదు పనితనాన్ని మెచ్చుకుంటూనే ఉన్నారు.