తడి దొరికేదాకా

పాలమూరులో నేను సైన్సు పంతులుగా ఉన్నప్పుడు, పక్కింటి నేతగాని కోడలు టీచర్ ట్రైనింగుకు పోవాలని ఆశపడేది. "గీ మగ్గం మీది పడుగు నేసుడు అయినంక పో బిడ్డా" అనేది అత్త.

పాఠానికని బావి గోడ నుంచి తెచ్చిన ఫెర్న్ ఆకు కోడలికి చూపిస్తే, ఆమె బట్టను చూసినట్టే ముందు తిరగేసింది. అడుగున గోధుమరంగు చుక్కలను పురుగు గుడ్లనుకుని మగ్గం కుంచెతో దులిపేసింది.

"అయ్యో, ఫెర్న్‌కు పూత, గింజ ఉండయమ్మా. గా చుక్కల పొడే తడి తగిలిన కాడ గోరంత పచ్చ రేకైతది. దాంట్లకెల్లి కొత్త మొక్క లేస్తది."

"తడి దొరకకుంటే?"

"దొరికేదాక అట్లనే పడి ఉంటది."

"గదేం బతుకు సారూ!" అని నవ్వింది.

ట్రైనింగుకు రమ్మని ఉత్తరం వచ్చేసరికి పడుగు జానెడే మిగిలింది. ఆమె పెట్టె సర్దుకుంది. తెల్లారి చూస్తే, అత్త ఆ పడుగు కొసలకే కొత్త పడుగు పోగులు అతుకుతోంది. కోడలు మగ్గం గుంతలో కూర్చుని ఒక్కొక్క పోగే అందిస్తోంది.