మా బావను "ఎందుకు" అని అడగొద్దు

మా అక్క కరుణ మొగుడు లింగమూర్తికి లోకంల ఒక్క మాట పడదు. అది బూతు కాదు, శాపం కాదు. "ఎందుకు" అనే మాట. ఎట్ల అని అడుగు, ఎప్పుడు అని అడుగు, ఎక్కడ అని అడుగు, కూసోబెట్టి చాయ తాగిపిచ్చి మరీ చెప్తడు. ఎందుకు అని అడిగితే మాత్రం ముందు ఆయన చెవులు ఎర్రబడ్తయి, తర్వాత మెడ ఎర్రబడ్తది, ఆ తర్వాత మనం ఆడ ఉండకపోవుడే మంచిది. "పొద్దుగాల సూర్యుడు పొడిసినప్పుడు అడిగినవా ఎందుకని? నన్నే దొరికిచ్చుకున్నవా?" అని మొదలువెడ్తడు. ఎప్పుడు ఆగుతడో ఆయనకే తెల్వదు.

మేముండేది సూరత్‌ల, బమ్రోలి దిక్కు. మా వాడకట్టుల సగం మంది మగ్గాల పని మీద వచ్చిన తెలంగాణోళ్లే. గుజరాతీలు ఎదురైతే "కేమ్ ఛో" అంటరు, బాగున్నవా అని. కాని వాళ్ల భాషల "కేమ్" అంటే ఎందుకు అని గూడ వస్తది. బావ ఈ ఊరికి వచ్చిన కొత్తల, భాష సగమే ఒంటబట్టినప్పుడు, కార్ఖానా సేటు నవ్వుకుంట "కేమ్ ఛో లింగమూర్తిభాయ్" అన్నడట. ఎందుకున్నవని అడుగుతున్నడనుకొని బావ గయ్యిమన్నడట. పని చేసెటందుకున్న, నీ మొకం సూసెటందుకున్ననా అని. ఆ సేటు మంచోడు. అప్పటిసంది బావ కనపడితే చెయ్యి ఊపుతడు గాని నోరు తెరవడు.

బావ పవర్‌లూమ్ ఫిట్టరు. చెడిపోయిన మగ్గాలు బాగు చేసుకుంట తిరుగుతడు. ఆ తిరుగుడులనే ఆ కారు కండ్ల పడ్డది. సేటు కొడుకు ఎప్పుడో మోజుపడి తెప్పిచ్చుకున్న జపాన్ స్పోర్ట్స్ కారు. ఎర్రది. రెండే తలుపులు, రెండే సీట్లు. మీద గుడ్డ కప్పు ఉంటది, ఎన్కకు మడిస్తే ఆకాశమే కప్పు. ముంగటి లైట్లు మామూలుగ కనపడయి, బటన్ నొక్కితే కప్ప కండ్లోలె పైకి లేస్తయి. మోజు తీరినంక ఆ కొడుకు దాన్ని గోదాంల బట్టల బేళ్ల ఎన్క పడేసిండు. బావ ఆడికి పోయినప్పుడల్ల దాని మీద దుమ్ము తుడిచి వచ్చేటోడు. ఒకనాడు సేటు, తుక్కోడికి తోలుతున్న, నీకు కావాల్నా అని సైగ చేసిండు. బావ టెంపోకు తాడు గట్టి గుంజుకొచ్చిండు.

వాకిట్ల దాన్ని సూసి మా అక్క ఒక్కటే మాట అడిగింది. "మనకెందుకయ్యా ఇది?"

ఆ పూట బావ ఇంట్ల బువ్వ తినలే. పక్కనే ఉన్న మా ఇంట్ల తిన్నడు, తిన్నంతసేపు సూర్యుని గురించే చెప్పిండు. అప్పటిసంది మా అక్క ఆ మాట మింగి, "దీంతోని ఏం చేద్దామని" అంటది. "ఏం" అయితే పర్వాలేదు. దానికి జవాబిస్తడు.

మొదట్ల బావ దాన్ని కారు మోజున్నోళ్లందరి లెక్కనే పెంచిండు. అసలే నేలకు ఆనేటట్టుంటే, స్ప్రింగులు మార్చి ఇంకింత దించిండు. సైలెన్సరు పీకి లావు పైపు బిగిచ్చిండు. ఆయన స్టార్టు చేస్తే మా వాడకట్టుల నిద్రవోయిన పసిపోరగాండ్లు లేచి ఏడ్సెటోళ్లు. ఐతారం పొద్దుగాల డుమస్ రోడ్డు మీదికి పోతే, పాత కార్లు పెంచుకునే పోరగాండ్లు సుట్టు మూగి కాకా, కాకా అనుకుంట ఫొటోలు దిగెటోళ్లు. ఆ పొద్దు బావ మొకం సూడాలె. ఆ కారు చప్పుడు ఆయనకు మంగళవాద్యం.

ఒక్కటే రోగం. వేడెక్కినంక ఆ కారు ఆగిపోయేది. సల్లారినంక ఏమెరుగనట్టు మళ్ల నడిచేది. ఉధనా రోడ్డు మీద నడుమంత్రాన ఆగితే ట్రాఫిక్ పోలీసు వచ్చి బండి ఎందుకాపినవని అడిగిండు. బావ వాని దిక్కు తిరిగి సూర్యుని ముచ్చట మొదలువెట్టిండు. పాపం ఆ పోలీసు చలాను సంగతి మర్చిపోయి, తనే కారును పక్కకు నూకి పోయిండట.

మెకానిక్ మల్లేష్ మా ఊరి దిక్కోడే. బావ ప్లగ్గులు మార్పిచ్చిండు, కాయిల్ మార్పిచ్చిండు, పెట్రోలు పంపు మార్పిచ్చిండు. రోగం పోలే. తిప్పలేందంటే, ఎందుకు అని అడగకుంట మెకానిక్ రోగం ఎట్ల పట్టుకుంటడు? ఒకనాడు మల్లేష్ నోరు జారి, వేడైతేనే ఎందుకాగుతున్నదన్నా అన్నడు. ఎందుకో నాకు తెలిస్తే నీ కాడికి ఎందుకొస్త అని బావ ఆగమాగం చేసిండు. ఆ మాట ఆయన ఎన్నిసార్లైన అనొచ్చు, మనమే అనొద్దు. మల్లేష్ పాన తీసి బావ చేతుల వెట్టి, నీ బండి నువ్వే సూసుకో అన్నడు.

ఆఖరికి రోగం దొర్కపట్టింది గూడ కోపమే. ఎండల కారు ఆగింది. బావ తిట్టి తిట్టి, స్టీరింగు కింద ఒక్క గుద్దు గుద్దిండు. ఇంజను గుర్రుమన్నది. మళ్ల ఆగితే మళ్ల గుద్దిండు, మళ్ల గుర్రుమన్నది. ఆ గుద్దినకాడ విప్పి సూస్తే చిన్న రిలే డబ్బి. అండ్ల సీసంతోని టాకా వేసిన అతుకు సన్నగ పగిలింది. వేడైతే విడిపోతది, సల్లారితే అతుక్కుంటది. బావ దాన్ని మళ్ల టాకా వేసి పెట్టిండు, రోగం పోయింది. ఈ ముచ్చట విని మా అక్క, ఈయన తలకాయల గూడ గసొంటి డబ్బే ఉంటదేమో సూడమని మల్లేష్‌ను అడిగొచ్చింది.

ఇగ మా అవ్వ సంగతి చెప్పాలె. మా దిక్కు అమ్మను అవ్వ అంటం. పేరు చిన్నవ్వ. బతుకంత మగ్గాల కాడ కండెలు చుట్టింది. పోయిన వానాకాలం మెట్ల మీద జారిపడి తుంటి ఇరిగింది. ఆపరేషన్ అయినంక డాక్టరు, మోకాలు కన్న కింద కూసోవద్దు, ఎత్తు ఎక్కొద్దు అన్నడు. దవాఖాన నుంచి తెచ్చిననాడు ఇద్దరు మొగోళ్లు అవ్వను చేతుల మీద ఎత్తి ఆటోల వెట్టిన్రు. అక్కోళ్ల ఇంటికొచ్చినంక అవ్వ ఒక్కటే చెప్పింది. "పీనుగను మోసినట్టు మోసిన్రు. ఇగ నన్నెవ్వలు ముట్టొద్దు." ఆనాటి నుంచి గడప ముంగట కుర్సీ, ఇంట్ల మంచం, ఈ రెండే ఆమెకు లోకం. పెద్ద టాక్సీ తెస్త అంటే చేతికర్ర ఇసిరికొట్టింది.

ఆమె కుర్సీకి ఎదురుంగనే బావ కారు. పొద్దంత ఆమె తిట్టుడు దాన్నే. "ఎర్ర బర్రె" అని పేరు వెట్టింది. బావ బానెట్ ఎత్తితే, బర్రెకు కడుపునొస్తున్నదా అని అడిగేది. బావ పండ్లు కొరుకుడు నాకు మా ఇంటికి వినపడేది.

గప్పుడే బావకు పిచ్చి ముదిరిందనుకున్నం. కారును దించినోడే మళ్ల లేపుడు మొదలువెట్టిండు. పొడుగు స్ప్రింగులు వేసిండు, కుదుపు తగలకుంట మెత్తటి షాకబ్జర్లు వేసిండు. ప్రాణమోలె సూసుకున్న లావు పైపు పీకి, పిల్లి నడిచినట్టుండే సైలెన్సరు వెట్టిండు. పక్క సీటు కింద మగ్గం బేరింగు బిగిచ్చి, సీటు తలుపు దిక్కు తిరిగేటట్టు చేసిండు. ఆ తలుపు ఇంకింత ఎడంగ తెరుచుకునేటట్టు కోసిండు. స్పోర్ట్స్ కారు కాస్త పొలంల తిరిగే జీపోలె అయ్యింది. డుమస్ రోడ్డు పోరగాండ్లు సూసి తలకాయ పట్టుకున్నరు. కాకా, అందరు దించుతుంటే నువ్వెందుకు లేపుతున్నవని ఒకడు అడిగిండు. బావ తిట్టిన తిట్లకు వాడు వారం దినాలు ఆ రోడ్డుకే రాలేదట. బావ గూడ మళ్ల పోలే.

ఒకనాడు టేపు పట్టుకొచ్చి అవ్వ కూసున్న కుర్సీని కొలిచిండు. అవ్వ కర్ర లేపింది. నా కుర్సీతోని నీకేం పనంటే, ఇది నా పైసలతోని కొన్న కుర్సీ, నా ఇష్టం అని ఎదురుమాట్లాడిండు. ఇద్దరు ఒకళ్లకొకళ్లు తీసిపోరు. ఆనాడు నాకు బావ మీద మస్తు కోపమొచ్చింది. లేవలేని మనిషితోని గూడ కొట్లాటేంది అని అక్కతోని అన్న.

దసరా ముంగట వజ్రమ్మ ఫోన్ చేసింది. వజ్రమ్మ మా అవ్వకు ప్రాణ స్నేహితురాలు. ఇద్దరు పక్కపక్కన కూసొని కండెలు చుట్టినోళ్లే. కొడుకు వజ్రాలు సానబెట్టే పనిల చేరితే, ఊరికి ఆ కొసన కతర్‌గామ్‌కు మారింది. ఇప్పుడు ఆ కార్ఖానా మూతబడ్డది. సోమారం అందరు సామాన్లు కట్టుకొని సిరిసిల్లకు పోతున్నరు, ఇగ రారు. ఆమెకు కండ్లు సరిగ కనపడయి, తనే వచ్చేటట్టు లేదు. అవ్వ ఫోన్ల "మంచిది, పో" అన్నది. ఫోన్ పెట్టి గోడ దిక్కు తిరిగి పండుకున్నది. ఆ రాత్రి తినలే. నేను, అక్క ఎంత బతిమాలినా, ఎత్తుకొని పోతరా నన్ను అని ఒక్కటే మాట.

తెల్లారి ఐతారం. నేను పోయేసరికి అవ్వ కుర్సీల కూసున్నది. కారు ఆమె ముంగటికొచ్చి ఆగి ఉన్నది. కప్పు ఎన్కకు మడిచి ఉన్నది, తలుపు తెరిచి ఉన్నది, పక్క సీటు అవ్వ దిక్కు తిరిగి ఉన్నది. బావ నడుం మీద చేతులు వెట్టుకొని నిలవడ్డడు.

"అత్తా, జర కుర్సీ అవతలికి జరుపు. బండి తిప్పుకోవాలె."

"నీ బర్రె కోసం నేను జరగాల్నా?"

"బర్రె అనకు. అండ్ల కూసోవాలంటే దమ్ముండాలె. నీ అసొంటి ముసల్దానితోని అయ్యే పని కాదు."

నాకు ఒళ్లు మండింది. బావను ఏదో అనబోతే అక్క నా చెయ్యి గట్టిగ పట్టుకున్నది.

అవ్వ ఒక్క నిమిషం ఆయన దిక్కే సూసింది. తర్వాత కర్ర ఆనిచ్చి లేచింది. "ఏంది కానిది? మగ్గాల కాడ నీ అసొంటోళ్లను ఎందర్ని సూసిన నేను" అనుకుంట అడుగుల అడుగేసి కారు కాడికి పోయింది. ఎనుకకు తిరిగి సీటు మీద కూసున్నది. ఒంగలే, ఎక్కలే. కుర్సీల కూసున్నట్టే కూసున్నది. ఆ కోపంల కాళ్లు లోపలికి గుంజుకుంటే సీటు తనంతట తనే ముంగటికి తిరిగింది. బావ ఠక్కున తలుపు వేసి, అటు ఉరికి స్టీరింగు కాడ కూసున్నడు.

"బండి ఎందుకు కదుల్తున్నది?" అన్నది అవ్వ.

ఆ మాట అనంగనే నేను, అక్క ఊపిరి బిగవట్టినం. బావ చెవులు ఎర్రబడ్డయి. కాని నోరు తెరవలే. గేరు వేసిండు.

అక్కను స్కూటీ ఎన్క ఎక్కిచ్చుకొని నేను ఎంటపడ్డ. ఉధనా దాటెదాక అవ్వ బావను తిడుతనే ఉన్నది, చేతులు ఊపుడు ఎన్క నుంచి కనపడ్తున్నది. ఆపు, దిగుత అన్నదట. బావ, ఇక్కడ ఆపితే పోలీసు వస్తడు అన్నడట. ఫ్లైఓవర్ ఎక్కినంక చేతులు ఊపుడు ఆగింది. గాలికి కొంగు ఎగురుతుంటే ఒక చేత్తోని పట్టుకొని, ఇన్ని దినాలు సూడని ఊరును అటు ఇటు సూసుకుంట కూసున్నది. గుంతలు వచ్చినకాడ కారు ఊయలోలె ఊగింది గాని కుదపలే.

కతర్‌గామ్‌ల వజ్రమ్మ ఇల్లు గల్లీల ఉన్నది. వాకిట్ల సామాన్ల మూటల నడుమ మంచమేసుకొని కూసున్నది. అవ్వ ఎవ్వల చెయ్యి పట్టకుంట దిగి, నడిచి, ఆమె పక్కన కూసున్నది. వజ్రమ్మ చేతులతోని తడిమి గుర్తువట్టింది. ఇన్నేండ్లు రాకపోతివని ఈమె, నువ్వు రావద్దా అని ఆమె, ముందుగాల ఇద్దరు మంచిగ కొట్లాడుకున్నరు. తర్వాత ఒకళ్ల చెయ్యి ఒకళ్లు పట్టుకొని కూసున్నరు.

నేను బావ కాడికి పోయిన. ఆయన టైరు కాడ కూసొని లేని దుమ్ము తుడుస్తున్నడు. ఇదంత అవ్వ కోసమే చేసినవా అని అడిగిన.

"ఎవలు చెప్పిన్రు? నా నడుం నొప్పికి చేసుకున్న" అన్నడు.

నీ సీటు మామూలుగనే ఉన్నది గద బావా, తిరిగేది పక్క సీటే గద అన్న. కొంచెంసేపు టైరునే తుడిచిండు.

"మీ అవ్వ జాలికి లేవదు పిల్లా. కోపానికే లేస్తది. నాకు తెల్వదా? నాది గదే జాతి" అన్నడు. "ముందుగాల చెప్తే ఉపకారం చేస్తున్నరని అసలే ఎక్కకపోవు. ఇప్పుడు గూడ చెప్పకు."

అవ్వకు తెల్వకుంటే గద చెప్పెటందుకు. బువ్వలు తిన్నంక ఆమే బావను పిలిచింది. వజ్రమ్మను గూడ ఒక్క సుట్టు తిప్పి తెమ్మన్నది. "మా అల్లుడు తలకాయ తిక్కలోడు గాని, బండి సక్కగ తోల్తడు" అని వజ్రమ్మతోని చెప్పింది. ఇన్నేండ్లల్ల ఆయన గురించి ఆమె నోట వచ్చిన మొదటి మంచిమాట అది. బావ విననట్టు మొకం తిప్పుకొని, వజ్రమ్మను సీట్ల కూసోబెట్టి తీసుకపోయిండు.

అద్దగంట దాటింది, గంట దాటింది, రాలే. అక్కకు బుగులైంది. కారుకు మళ్ల పాత రోగం పట్టిందేమోనని నేను గల్లీ మొగదాంక పోయి సూసిన.

గల్లీ మలుపుల కారు కనపడ్డది. ఇంజను చప్పుడు లేదు. ఆ గల్లీ పోరగాండ్లు ఎన్క నుంచి నూకుతున్నరు. బావ తలుపు పక్కన నడుసుకుంట స్టీరింగు తిప్పుతున్నడు, చెవులు దానిమ్మ పువ్వుల లెక్క ఉన్నయి. కప్పు లేని కారుల వజ్రమ్మ దేవుని ఊరేగింపుల కూసున్నట్టు కూసొని, కనపడకున్నా ఆ దిక్కు ఈ దిక్కు చేతులు ఊపుతున్నది. గల్లీల ఆడోళ్లందరు వాకిండ్లల్లకు వచ్చి నవ్వుకుంట ఆమెకు చేతులు ఊపుతున్నరు. ఏమైంది బావా అంటే, పెట్రోలు అయిపోయిందన్నడు. పెట్రోలు ఎంతున్నదో సూపెట్టే ముల్లు ఎప్పుడో పాడైందట.

అవ్వ మంచం మీద నుంచే ఈ ఊరేగింపు సూసింది. మొకం గంటు వెట్టుకున్నది. నా చెయ్యి పట్టి దగ్గరికి గుంజి, ఎవ్వలు వినకుంట చెవుల చెప్పింది.

"వాపసు పోయేటప్పుడు పెట్రోలు జర తక్కువనే, మన వాడకట్టు మొగదాంకనే పొయ్యమను."